ముందు వరుసకే తెలుపు

విజయవాడ కొండ మీది అరవై రేకుల ఇళ్లకు, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయించే పని కాంట్రాక్టరు రామకోటేశ్వరరావు తీసుకున్నాడు. రంగు డబ్బాలు ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చింది. పని జరిగిందో లేదో చూసి రిపోర్టు రాయడం ఆ కంపెనీలో కృప ఉద్యోగం.

ముందు వరుస పూర్తయ్యాక, మే నెల మిట్టమధ్యాహ్నం ఆమె పైకప్పుల వేడి కొలిచింది. రంగు వేసిన రేకు నలభై ఆరు డిగ్రీలుంటే, వేయనిది అరవై మూడు. తెల్ల రేకుల కింద పిల్లలు ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారు.

వెనక వరుసలో అమలమ్మ, పక్షవాతంతో పడిపోయిన భర్త ఇశ్రాయేలును గుమ్మం బయట పడుకోబెట్టి తడిగుడ్డతో తుడుస్తోంది. అతని వీపు మీద చెమటకాయలు చితికి రసి కారుతోంది. తమ ఇంటికి రంగు ఎప్పుడేస్తారని ఆమె అడిగింది. రెండు రోజుల్లో అని కృప చెప్పింది.

వారమైనా ఎవరూ రాలేదు. రంగులు వేసే బాలశౌరిని నిలదీస్తే, మిగిలిన డబ్బాలు గన్నవరం రోడ్డులో కాంట్రాక్టరు గారి ఫంక్షన్ హాలుకి వెళ్లాయని తలదించుకుని చెప్పాడు.

కృప అక్కడికి వెళ్లింది. హాలు డాబా కళ్లు చెదిరేలా తెల్లగా ఉంది. లోపల ఏసీ. ఆ చల్లదనం ఒంటికి హాయిగా తగిలినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

రామకోటేశ్వరరావు ఐస్‌క్రీమ్ తింటూ, ఆమెకూ ఒక కప్పు జరిపాడు.

"రోడ్డు మీంచి చూస్తే ముందు వరుసే కనపడుద్దమ్మా. ఫొటోలోనూ అదే పడుద్ది. అరవై అని రాసెయ్."

పెదవుల మీది మీగడను నాలుకతో తుడుచుకున్నాడు. కృప కప్పు ముట్టకుండా లేచి వచ్చేసి, ఇరవై రెండు ఇళ్లకే రంగు వేశారని, హాలు డాబా ఫొటోలతో సహా రిపోర్టు రాసింది.

ఆఫీసులో ఆమె మేనేజరు గంగాప్రసాద్ తలుపు వేసి మాట్లాడాడు. అరవై ఇళ్లు పూర్తయ్యాయని కంపెనీ అప్పటికే పేపర్లలో వేయించుకుందట. ఆమె అరవై అని సంతకం పెడితే, చడీచప్పుడు లేకుండా మిగతా ముప్పై ఎనిమిది ఇళ్లకూ డబ్బాలు పంపుతారట. పని మాత్రం అదే కాంట్రాక్టరుది.

"పెట్టకపోతేనో?"

"ఇంకో అమ్మాయి పెడుద్ది. డబ్బాలు మాత్రం రావు."

ఇశ్రాయేలు వీపు గుర్తొచ్చింది. కృప సంతకం పెట్టింది. ఆ తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకుంది.

ఈసారి ప్రతి డబ్బా తన కళ్లముందే తెరిపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఇశ్రాయేలు ఇంట్లోనే, ఫ్యాను కింద పడుకున్నాడు. అమలమ్మ కృప రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నీ చేతి చలవేనమ్మా ఇదంతా."

కృప చేతులు లాక్కుని మెట్లు దిగిపోయింది.