గోటి మీద ఊదా రంగు

రబ్బరు స్టాంపులు చేయడం నా వృత్తి. దొంగ ముద్రేదో అసలు ముద్రేదో చూడగానే చెప్పేస్తాను. ఎదుటివాడు ఆవలిస్తే నేను పేగులు లెక్కపెట్టే రకాన్నని మా ఆవిడ అంటుంది. అది పొగడ్త కాదని తెలిసినా పొగడ్తగానే పుచ్చుకుంటాను.

అందుకే ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు మా అమ్మాయి నోరు తెరవకముందే నేను జవాబిచ్చాను. అమ్మాయికి మూడో నెల. పసిపిల్లల బడిలో పంతులమ్మ. పక్క తరగతిలో ఒక పిల్లకు జ్వరం, ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. రుబెల్లా అని తేలింది. పిల్లలకైతే నాలుగు రోజుల్లో తగ్గిపోతుందట. కడుపుతో ఉన్నవాళ్ళకు సోకితే మాత్రం లోపలి బిడ్డ కళ్ళు, చెవులు, గుండె దెబ్బతింటాయట. చిన్నప్పుడు బడిలో టీకా వేయించుకుందా అని డాక్టరమ్మ అడిగింది.

"వేయించుకుందమ్మా. టీకా వేశాక చిటికెన వేలి గోటికి ఊదా రంగు పెట్టేవాళ్ళు. కళ్ళారా చూశాను" అన్నాను.

అమ్మాయి తల వంచుకుంది. డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని రక్తం తీయించింది.

తిరిగొస్తూ దుకాణం దగ్గర ఆగాం. అమ్మాయి స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న స్టాంపు ప్యాడు మూత తీసి మళ్ళీ మూసింది.

"నాన్నా, ఆ రంగు వాళ్ళు పెట్టింది కాదు. సూదంటే భయమేసి, పొద్దున్నే ఈ ప్యాడులో వేలు అద్దుకుని వెళ్ళాను. గోరు చూసి, వేసేశామనుకుని వదిలేశారు" అంది.

ఆ రోజు ఆ గోరు చూసి, ఏడవకుండా సూది వేయించుకుందని వీధి వీధంతా చాటుకున్నాను. దొంగ ముద్రలు పట్టే మొనగాణ్ణి, నా ఇంట్లో, నా సిరాతో, వేలెడంత పిల్ల చేతిలో బోల్తా పడ్డాను. కోపం నషాళానికంటింది. తిడదామని నోరు తెరిచేసరికి దాని చెయ్యి పొట్ట మీద కనబడింది. నోరు మూసుకున్నాను.

ఫలితం కోసం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. జబ్బయితే సోకలేదు గానీ, ఒంట్లో దాన్ని ఆపే శక్తి కూడా లేదని డాక్టరమ్మ చెప్పింది. కడుపుతో ఉండగా ఈ టీకా వేయకూడదట. కానుపయ్యాక వేస్తారట. అప్పటిదాకా బడి గడప తొక్కొద్దంది. అమ్మాయి చెప్పే తరగతిలో పిల్లలంతా టీకా వేయించుకున్నవాళ్ళేనట. జబ్బు పక్క గది దాటకపోవడానికి అదే కారణం కావచ్చంది. నా కూతురు తప్పించుకున్న సూదిని ఆ పసివాళ్ళు దాని కోసం పొడిపించుకున్నారన్నమాట. బతికిపోయాం అనుకుంటూ బయటికొచ్చాను.

మెట్ల మీద అమ్మాయి ఆగిపోయింది. "నేనొక్కదాన్నే కాదు నాన్నా. అది కూడా. దాని గోటికి నేనే పూశాను."

అది అంటే ఎవరో అడగక్కర్లేదు. మా అమ్మాయితో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న నేస్తం. మా దుకాణం పక్కనే బట్టలు కుడుతుంది. దాని కూతురు పుట్టడమే కంట్లో తెల్లటి పొరతో పుట్టింది. ఆపరేషన్లు చేసినా చూపు అంతంతమాత్రం, చెవులు బొత్తిగా వినపడవు, గుండెలో రంధ్రం. నా దుకాణంలో కాగితాల మీద ముద్రలు కొట్టుకోవడమే ఆ పిల్లకు ఆట. కడుపుతో ఉన్న కొత్తలో తల్లికి ఒళ్ళంతా దద్దుర్లు పేలితే చెమటకాయలని వదిలేశారు. బిడ్డ పుట్టాక డాక్టర్లు టీకా సంగతి అడిగినప్పుడు అత్తగారి ముందు బయటపడలేక, బడిలో వేశారనే చెప్పిందట. అప్పట్నుంచీ ఆ అత్తగారు మీ వైపు రక్తమే మంచిది కాదని దెప్పుతూనే ఉంది. రెండో బిడ్డ ఊసెత్తితే నేస్తం భయపడిపోతుంది.

వెనక్కి వెళ్ళి డాక్టరమ్మను అడిగాను. చూడకుండా తేల్చి చెప్పలేనని, అయినా అది రుబెల్లాయే అయ్యుండొచ్చని, ఒకసారి వచ్చినవాళ్ళకు సాధారణంగా మళ్ళీ రాదని చెప్పింది. పరీక్ష చేయించుకుంటే ఆ అమ్మాయికి రెండో కానుపు భయం తీరొచ్చంది.

దారిలో, నేస్తానికి చెప్పకపోతే ఏమవుతుందే అని గొణిగాను. ఆ స్నేహం పోతే మా అమ్మాయి తట్టుకోలేదు. అమ్మాయి వినిపించుకోలేదు.

దుకాణంలో నేస్తం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని మా కోసమే చూస్తోంది. ఫలితం ఏమైంది బాబాయ్ అని నన్నడిగింది. జవాబు అమ్మాయి చెప్పింది. తన సంగతి, ఆ దద్దుర్ల సంగతి, టీకా సంగతి, ఏదీ దాచలేదు.

"నీ రక్తంలో ఏ దోషమూ లేదే. ఆ రోజు నేను నీకు సిరా పూయకుండా ఉండాల్సింది" అంది.

నేస్తం చిటికెన వేలు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని గోరు చూసుకుంది. బట్టలు కుట్టే చెయ్యి, వేళ్ళ నిండా సూది గుచ్చుకున్న చుక్కలు.

"ఎంత నొప్పుండేదే, ఆ సూది?" అని అడిగింది.

పక్కన ఆ పిల్ల కాగితం మీద ముద్రలు కొడుతూనే ఉంది.