చీర ఏ రంగండీ?

ఆ హాలు పొడవెంతో హైమవతికి అంతు చిక్కడం లేదు. నడుస్తున్నకొద్దీ ఎదర ఇంకొన్ని బల్లలు పుట్టుకొస్తున్నాయి. ఒకసారి అది రైల్వే స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములా ఉంటుంది, రెండడుగులు వేసేసరికి వారపత్రిక ఆఫీసులో ప్రూఫులు దిద్దే మేడగది అయిపోతుంది, తల తిప్పి చూస్తే మళ్ళీ వెయిటింగ్ రూమే, గోడమీద గడియారం మాత్రం రెండింటికీ ఒకటే, దాని ముళ్ళను ఎవరో సగం గీసి వదిలేశారు. ఎక్కడా రంగన్నది లేదు. నీడలన్నీ సన్నటి అడ్డగీతలు. తన కుచ్చిళ్ళ వైపు చూసుకుంటే అవీ గీతలే, అడుగు వేసినప్పుడల్లా కాగితం నలిగిన చప్పుడు చేస్తున్నాయి.

బల్లల మీద వరసగా ఆడవాళ్ళు. అందరూ అటు తిరిగి కూర్చున్నారు. వాలుజడలు, వదులు ముడులు, మెడ మీద తప్పించుకున్న వెంట్రుకలు, భుజం మీంచి జారిన పైటలు కనిపిస్తున్నాయి గాని ముఖమన్నది ఒక్కరికీ కనబడదు. చూద్దామని హైమవతి ఒకామె చుట్టూ తిరిగి అవతలికి వెళుతుంది. అవతల కూడా ఆమె వీపే ఉంది.

"చూసింది చాల్లే గాని, మా రైలెప్పుడమ్మా?" అంటుంది ఆ వీపు.

"ఏ రైలు?"

"అడుగుతున్నావా పైగా! పెట్టె చేతికిచ్చి ఈ స్టేషన్లో కూర్చోబెట్టి, కింద సశేషం అని రాసి పోయింది నువ్వు కాదూ?"

"నీది నయం కదే," అంటుంది పక్క బల్ల మీది ఆవిడ. "నాకు గుండెజబ్బు పెట్టింది. రెండు వారాలు తిరిగేసరికి ఆ సంగతే మర్చిపోయింది. అప్పట్నుంచీ నాకు జబ్బుందో లేదో నాకే తెలీదు."

వీపులన్నీ నవ్వుతాయి. భుజాలు కదలడాన్ని బట్టి అది నవ్వే అనుకోవాలి. ఏడుపైనా భుజాలు అలాగే కదులుతాయని హైమవతికి తెలుసు. ఆ వాక్యం తనే ఎక్కడో రాసింది.

వీళ్ళంతా తన వాళ్ళే. పద్నాలుగేళ్ళలో ఏడు సీరియళ్ళు, ఏడుగురు నాయికలు, వారానికొక బొమ్మ. ఆ బొమ్మలన్నీ వేసిన చలమయ్య ఈ హాల్లోనే ఎక్కడో ఉన్నాడని, ఈ బల్లల చివర దాకా వెళితే దొరుకుతాడని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. ఆయన పోయి ఎనిమిది నెలలైన సంగతి కూడా తెలుసు. అయినా ఇక్కడ ఆ మాట ఎత్తడం మర్యాద కాదేమోననిపిస్తుంది.

నడుస్తుంటే పాత వారాలన్నీ కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. మంగళవారానికి అందాల్సిన భాగాన్ని హైమవతి ఏనాడూ మంగళవారానికి అందించలేదు. బొమ్మేమో ముందే అచ్చు బ్లాకు తయారీకి వెళ్ళాలి. అందుకని చలమయ్య ఆమెకు ఫోను చేసి, ఈ వారం కథలో మనవాళ్ళెక్కడున్నారో కనుక్కుని, కథ రాకముందే తనకు తోచిన బొమ్మ వేసి పంపేసేవాడు, ఆ బొమ్మ ప్రూఫు ఎదురుగా పెట్టుకుని ఆమె కథ రాసేది. ఆయన వాన గీస్తే ఆమె వాన కురిపించేది. ఒక్కటే గొడుగు గీస్తే విడివిడిగా వెళ్ళాల్సిన ఇద్దర్నీ దాని కిందికి తెచ్చేది. ఇంత ప్రేమ మీకెలా తెలుసండీ అని పాఠకురాళ్ళు ఉత్తరాలు రాసేవారు. ఆ ప్రేమని సగం సగం పంచుకుని తయారుచేసిన ఇద్దరూ ఎదురెదురుగా కలిసింది మొత్తమ్మీద ఐదుసార్లు.

శుక్రవారం పత్రిక వచ్చిన పూట ఆమె ఒళ్ళు తేలిపోయేది. ఊళ్ళో ప్రతి కిటికీ వెనకా ఎవరో తన వాక్యం చదివి పుస్తకం గుండెల మీద బోర్లించుకున్నారనిపించేది. ఆదివారానికి ఆ పొంగు చల్లారేది. సోమవారం పొద్దున్న పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుంటే, ఎవరికీ ఏమీ కాని ఒక మనిషి నోట్లో నురగతో నిలబడి ఉండేది. మంగళవారం మళ్ళీ ఎవర్నో ప్రేమించాలి గనక కాగితం మీద ప్రేమించేది. ఎవర్ని అని తనను తాను ఎప్పుడూ అడగలేదు. అడిగితే రాత ఆగిపోతుందని భయం.

ఇప్పుడు అడగకుండానే ఆగిపోయింది. వచ్చే వారం నుంచి కొత్త సీరియల్ అని పత్రికలో ప్రకటన కూడా వేశారు. మొదటి వాక్యం రావడం లేదు. చలమయ్య నోటి నుంచి ఆయనదైన మాట ఒక్కటి వింటే చాలు, మళ్ళీ రాయగలననిపిస్తోంది. అందుకే ఈ నడక.

చివరి బల్ల దగ్గర, బయట ఏమీ లేని కిటికీ పక్కన, ఆయన వంగి గీసుకుంటున్నాడు. అదే మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, అదే బొటనవేలి గోటి కింద నల్లసిరా.

"రండి రండి హైమవతి గారూ. ఈ వారం కూడా లేటేనా?"

"లేటేనండీ."

"పర్లేదు, కూర్చోండి. ఇక్కడ మంగళవారం రాదులెండి."

ఆమె ఎదురుగా కూర్చుంటుంది. మధ్యలో జానెడు బల్ల. అయినా ఆయన గొంతు ఎక్కడో దూరపు ఊరి నుంచి ఫోన్లో వస్తున్నట్టు గరగరలాడుతూ, మధ్యమధ్య తెగిపోతూ వస్తోంది. తనూ గట్టిగా అరిస్తే తప్ప ఆయనకు వినబడదు.

"హలో! ఆ రోజు ఫోన్లో నేనన్న మాట... మీకు గుర్తుందా?"

"హలో, ఏవంటున్నారూ?"

"నేనన్న మాట!"

ఆ మాట ఎనిమిది నెలలుగా ఆమెను వదలడం లేదు. ఏడో సీరియల్ నడుస్తుండగా బొమ్మల్లో నాయిక ఉన్నట్టుండి అటు తిరిగింది. ఒక వారం, రెండు వారాలు, తొమ్మిది వారాలు, ప్రతి బొమ్మలోనూ వీపే. హైమవతి ముందు తికమకపడింది, తర్వాత ఆయనకు తన మీద కోపం వచ్చిందనుకుంది, ఎందుకు వచ్చిందో తెలియక లోలోపల కుమిలింది, ఆ కుములుడంతా కథలోకి వంపి, నాయికను నాయకుడికి దూరం చేసి, తొమ్మిది భాగాల ఎడబాటు రాసింది. తను అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఉత్తరాలు గోతాల్లో వచ్చాయి. తొమ్మిదో వారం చలమయ్య ఫోను చేసి ఎప్పటిలాగే "చీర ఏ రంగండీ?" అని అడిగాడు. "వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి చీర ఏ రంగైతే ఏంలెండి," అని ఆమె ఠపీమని ఫోను పెట్టేసింది. పదో బొమ్మ రాలేదు. పలకరింపుకి వెళితే ఆయన భార్య చెప్పింది, కుడిచెయ్యి వణుకమ్మా, కనుపాప పెట్టబోతే గీత చెంపదాకా పోయేది, అందుకని బొమ్మ మొహం ఇటు తిప్పకుండా గీసేవారు, మీకు చెప్పొద్దన్నారు, కథకి అడ్డమని.

అందరూ కంటతడి పెట్టిన ఆ విరహానికి మూలం ఒక ముసలి చేతి వణుకు.

"ఆ మాటేగా," అంటాడు చలమయ్య. లైను ఒక్కసారిగా బాగుపడింది. "గుర్తుంది. బాగానే అన్నారు. వీపుకి రంగేవిటి?"

"అలా అనకండి. చెయ్యి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు? జాలిపడి ఆ వారమే ఇద్దరికీ పెళ్ళి చేసి పారేసేవారు. నా బొమ్మలకీ మీ కథకీ ఒక్కసారే మంగళం."

దూరంగా వీపులు కిసుక్కుమంటాయి.

"నేను మీరు అలిగారనుకున్నాను చలమయ్య గారూ."

ఆయన కుంచె ఆపి ఆమె కేసి చూస్తాడు. "అలగాలన్నా కొంత హక్కుండాలి గదా. నాకెవరిచ్చారు?"

హైమవతి గుండె ఝల్లుమంటుంది. ఒక్క క్షణం. మరుక్షణం లోపల ఏదో చల్లబడుతుంది.

"అది నాది," అంటుంది.

"ఏది?"

"ఆ మాట. నాలుగో సీరియల్లో, లాంచీ రేవు దగ్గర, ప్రభాకరం అంటాడు."

"అవునా?" అని ఆయన నొచ్చుకుంటాడు. "అయితే ఆగండి, ఇంకోటి చెబుతా. మీరు మాట్లాడనప్పుడే నాకెక్కువ వినబడేవారు."

"రెండో సీరియల్. ఆ మాట ఎవరో అమ్మాయి శుభలేఖ మీద అచ్చేయించుకుంది కూడా."

"ఓర్నాయనో! మరి నేనేం చెప్పేది? నోరు తెరిస్తే మీ మగాళ్ళ మాటలే వస్తున్నయ్యే!"

"మీది చెప్పండి. ఒక్కటి చాలు. తిట్టినా సరే."

ఆయన జేబులు వెతుక్కుంటాడు, టిక్కెట్టు కోసం వెతుక్కునే మనిషిలాగా, ముందు చొక్కా జేబు, తర్వాత పక్క జేబులు, తర్వాత బల్ల సొరుగు. సొరుగులో మడతలు పెట్టిన కాగితాలు తీసి ఒక్కొక్కటే విప్పి చూస్తాడు, అన్నీ ఆమె దస్తూరీయే. చివరికి రెండు చేతులూ బల్ల మీద పెట్టేస్తాడు.

"వెతికినా లాభం లేదండీ. పద్నాలుగేళ్ళలో మీరు నన్నేవన్నా అడిగారా, నేను చెప్పడానికి? మా ఇంట్లో ఎంతమందో కూడా మీకు తెలీదు. మీ దగ్గర నాదంటూ మిగిలింది ఒకే ఒక్క ముక్క."

"చెప్పండి."

"చీర ఏ రంగండీ?"

కాగితం కుచ్చిళ్ళ మీద నీటిచుక్కలు పడి గీతలు అలుక్కుపోతుంటాయి. అవును, అది ఆయనదే. గరగరమనే ఫోనులో, కొంచెం సిగ్గుపడుతున్నట్టు, వారంవారం అడిగిన మాట. ఆమె ముందుకు వంగుతుంది.

"ఎందుకడిగేవారు? లోపలి పేజీలు నలుపూ తెలుపే కదండీ. ఏ రంగు చెప్పినా అచ్చులో అవే గీతలు పడేవి. తెలిసి తెలిసి ప్రతివారం ఎందుకు?"

ఇదే ఆమె ఇంత దూరం మోసుకొచ్చిన ప్రశ్న. చలమయ్య నోరు తెరుస్తాడు.

ఆయన చెప్పేలోగానే హైమవతి తలలో మూడు జవాబులు తయారై నిలబడతాయి. ఒకటి మెత్తగా మనసుకు తగిలేది. ఒకటి నవ్వొచ్చేది. ఒకటి చదివినవాళ్ళు పత్రిక మూసేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేది. మూడూ బాగున్నాయి, మూడింటికీ ఆయన గొంతు అతుకుతుంది. ఆయన నోరు తెరిచే ఉన్నాడు, రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు, ఆమె ఏది ఇస్తే అది అనడానికి.

ఆ చూపు ఆమెకు తెలుసు. ప్రతి మంగళవారం కాగితం మీంచి ఆమె నాయకులంతా చూసే చూపు.

"వద్దు," అంటుంది. "నేనివ్వను. మీరే చెప్పాలి. చెప్పండి చలమయ్య గారూ, మీరే, మీ అంతట మీరే..."

శబ్దం రాదు. వీపులు నవ్వడం మానేశాయి. గడియారం కింద ఎవరో పెట్టె ఎత్తి మళ్ళీ దించారు. ఎప్పుడు మొదలైందో గాని ఆయన ముఖంలో గీతలు ఒక్కొక్కటే పలచబడుతున్నాయి, ముందు కనుపాపలు, తర్వాత కళ్ళ కింది ముడతలు, తర్వాత నోటి అంచు. తప్పు చేశాను, ఆ మూడింటిలో ఒకటి ఇవ్వాల్సింది, అబద్ధమైనా ఒక మాట అనిపించి పంపాల్సింది అనుకుంటుంది గాని ఇప్పుడు మూడూ గుర్తు రావు.

"నీలం!" అని అరుస్తుంది. "ఆ వారం చీర నీలమండీ! సన్నంచు నీలం! రాసుకోండి!"

ఆయన రాసుకోడు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే మెల్లగా అటు తిరుగుతున్నాడు, భుజం, మెడ, ఇంక వీపు మాత్రం మిగులుతుంది. ఆమె బల్ల మీదుగా చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుంటుంది. పద్నాలుగేళ్ళలో ఎన్నడూ ముట్టుకోని చెయ్యి. వణుకు లేదు. అది తెలిసి ఒక్క క్షణం సంతోషం కూడా వేస్తుంది. చల్లగా, బరువుగా, ఎవరిదీ కానట్టుగా ఉంది. ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, వేళ్ళలో వేళ్ళు దూర్చి నొక్కుతుంది. ఒక్కసారి తిరిగి నొక్కితే చాలు, మాటలక్కర్లేదు, ఇంకేమీ అడగను. నొక్కుతుంది. నొక్కుతూనే ఉంటుంది.

మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. రాత బల్ల మీద అలాగే తల వాల్చి పడుకున్నట్టుంది, చెంప కింద తెల్లకాగితం చెమటకి అంటుకుపోయింది. వీధిలో ఎవరో కుక్కర్లకి మరమ్మతులని కేకేసుకుంటూ పోతున్నారు.

హైమవతి లేవబోయి ఆగింది. ఎడమచెయ్యి తల కింద నలిగి పూర్తిగా మొద్దుబారిపోయింది. దాని వేళ్ళలో వేళ్ళు దూర్చి కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. పట్టుకున్న చేతికి చల్లగా, బరువుగా తెలుస్తోంది. రెండో చేతికి ఏమీ తెలియడం లేదు.