చన్నీళ్లు

మా ఇంట్లో దేనికైనా కొరత ఉండొచ్చుగానీ వేడినీళ్లకు మాత్రం లేదు. మేముండేది బట్టలుతికే ఫ్యాక్టరీ వెనక గదుల్లో. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఇక్కడికే వస్తాయి. మా బావ బాయిలరు చూసుకుంటాడు. నేనూ అక్కా ఇస్త్రీ రోలర్ల దగ్గర దుప్పట్లు మడతపెడతాం. బాయిలరు నుంచి ఒక గొట్టం మా స్నానాలగది దాకా వస్తుంది. కుళాయి తిప్పితే ముందు ఆవిరి, తర్వాత నీళ్లు. ఆ గొట్టాన్ని చూసుకుని మా అమ్మకు ఎంత మురిపెమో! ఒళ్లు ఎర్రబడితేనే అది స్నానమట, లేకపోతే ఊరికే తడుపుకోవడమట.

ఆ ఆదివారం అక్క తన కూతురికి తలస్నానం చేయిస్తోంది. పిచ్చుక అంటాం దాన్ని. అసలు పేరు బడికే పరిమితం. ఒట్టి వాగుడుకాయ, సబ్బు నురగ నోట్లోకి పోతున్నా కబుర్లు ఆపదు. అక్క చెంబు మీద చెంబు గబగబా తల మీద పోస్తుంటే, మాట మధ్యలో అది ఆగిపోయింది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవర్నీ చూడటం లేదు. పెదాలు చప్పరిస్తూ, తడిగోడను తడుముతూ, పొంతనలేని మాటలేవో గొణిగింది. ఆ పైన నవ్వింది. ఆ నవ్వు మా పిచ్చుకది కాదు. నవ్వుతూనే బిగుసుకుపోయి, పీట మీంచి పడి కొట్టుకుంది.

నా వెనకే ఉన్న అమ్మ గుండెలు బాదుకుంది. "వచ్చిందే! నా పెద్దదాన్ని మింగింది చాలక దీని మీదికొచ్చింది! ఆపకే, పొయ్యి, ఇంకా పొయ్యి!"

నేను చెంబు లాక్కుని వీధిలోకి విసిరేశాను. "నోర్ముయ్యవే అమ్మా!" అన్నాను. కన్నతల్లిని అలా అనొచ్చా అంటే, అనకూడదు. నా నోరు అంతే, పుట్టినప్పటి నుంచీ.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. పెద్దక్క పోయేనాటికి నేను బాగా చిన్నదాన్ని. దాని జడ మాత్రం గుర్తుంది. ఆ జడ పట్టుకుని నేను ఇల్లంతా తిరిగేదాన్నట. దానికి దయ్యం పట్టిందనీ, దయ్యాలు విడిపించే ఒకాయన్ని పిలిపించారనీ పెద్దయ్యాక విన్నాను. దయ్యం తలలో కాపురం పెట్టింది, కాగే నీళ్లు తల మీద పోస్తూ ఉంటే తట్టుకోలేక పోతుందన్నాడట ఆయన. అది పిల్ల గొంతుతోనే బతిమాలుతుంది, కరిగిపోవద్దు అని కూడా చెప్పాడట. పోసినకొద్దీ పెద్దక్క ఊగిపోయేది. చూశారా, లోపలిది గింజుకుంటోంది అనేవాడు. ఒకరోజు అమ్మకు జాలేసి మధ్యలో ఆపేసింది. అప్పటికే మొదలైన కొట్టుకోవడం ఆగలేదు. పెద్దక్క మళ్లీ లేవలేదు. నువ్వు ఆపబట్టే పోయిందన్నాడు ఆయన. ఆ ముక్క అమ్మ మనసులో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో పెద్దక్క పేరు ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పిచ్చుకను తీసుకుని నేనూ అక్కా పెద్దాస్పత్రికి వెళ్లాం. అమ్మ ఒంటికాలి మీద లేచింది, నేను చెవిన వేసుకోలేదు. డాక్టరమ్మ నాకన్నా చిన్నది. ఎప్పుడెప్పుడు వస్తోందని అడిగింది.

"తలస్నానం చేయించేటప్పుడేనండీ. ఇప్పటికి మూడోసారి. దయ్యానికి శుభ్రం ఎక్కువ కాబోలు" అన్నాను, నిద్రలేని చిరాకులో.

ఆమె నవ్వలేదు. కలం పక్కన పెట్టి అక్క వైపు తిరిగింది. "నీళ్లు ఎంత వేడిగా ఉంటాయి? చెంబుతో వరసగా తల మీదే పోస్తారా?"

అక్క మా గొట్టం సంగతి చెప్పింది. డాక్టరమ్మ పిల్లను పరీక్షించింది, తలకు తీగలు అతికించి ఏదో యంత్రం మీద చూసింది, మళ్లీ మమ్మల్ని కూర్చోబెట్టింది.

"ఇది మూర్ఛలో ఒక రకమమ్మా. కొందరికి బాగా వేడినీళ్లు తల మీద పడితే మూర్ఛ వస్తుంది. ఆ చూపు, ఆ చప్పరింపు, ఆ మాటలు, నవ్వు, అన్నీ దానివల్లే. లోపల ఎవరూ లేరు. గోరువెచ్చటి నీళ్లు చాలు, తల మీద గుమ్మరించొద్దు. ఒక్కదాన్నీ స్నానానికి వదలొద్దు. కొన్నాళ్లు మాత్రలు వాడదాం. చాలామందికి తగ్గిపోతుంది."

"అంతేనా?" అంది అక్క. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అంతేనా డాక్టరుగారూ? నీళ్లేనా?"

"నీళ్లే. ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరికన్నా ఎక్కువమందికి ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చేదా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుందని కాదు, గోళ్లు దిగేలా నొక్కేసింది. నా మట్టుకు నాకు, ఆ చిన్నప్పటి జడ ఒక్కటే కళ్లముందు ఆడింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు పిచ్చుక నా కొంగు లాగింది. "అయితే నాకు దయ్యం లేదా పిన్నీ? అయ్యో, బళ్లో ఉందని చెప్పేశానే! అందరూ భయపడి నాకు కిటికీ పక్కన చోటిచ్చారు."

"ఉందని చెప్పుకోవే, ఎవరడుగుతారు?" అన్నాను.

అక్క నన్ను పక్కకు లాగింది. "అమ్మకి చెప్పొద్దే. మూర్ఛని, వేడినీళ్లు వద్దన్నారని చెబుదాం, అంతే. పెద్దక్క ఊసెత్తొద్దు. ఈ వయసులో తట్టుకోలేదు." సరేనన్నాను.

అమ్మ వింటేగా! "చన్నీళ్లు పొయ్యాలా? దానిక్కావాల్సిందీ అదే!" అని ముఖం తిప్పుకుంది. ఆ మాటేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. అప్పటినుంచీ పిల్లకు స్నానం అక్కే చేయించేది, గోరువెచ్చటి నీళ్లతో, తల తడిగుడ్డతో తుడుస్తూ. మూర్ఛ రాలేదు. మేం కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

బడికి సెలవున్న రోజు, మధ్యాహ్నం అన్నానికి నేనొక్కదాన్నీ ఇంటికొచ్చాను. స్నానాలగది తలుపు కింది నుంచి ఆవిరి వస్తోంది. తలుపు నెట్టాను. పిచ్చుక పీట మీద ముడుచుకుని కూర్చుంది. బకెట్ నిండా పొగలు కక్కే నీళ్లు. అమ్మ చెంబు ముంచి పైకెత్తింది. ముఖమంతా కన్నీళ్లు.

నేను అమ్మ మణికట్టు పట్టేసుకున్నాను. "పిచ్చుకా, నువ్వెళ్లి గౌను వేసుకో. పో!"

పిల్ల నా చెయ్యి కింది నుంచి దూరి పరుగెత్తింది.

"వదలవే" అంది అమ్మ, గింజుకుంటూ. "ఈసారి ఆపను. ఆ రోజు జాలిపడి ఆపాను, నా పిల్ల నాకు దక్కలేదు. దీన్ని పోగొట్టుకోను. వదలవే, నీకు దణ్ణం పెడతాను."

ఇక దాచడం నావల్ల కాలేదు. "నువ్వు ఆపినందుకు పోలేదమ్మా. పోసినందుకు పోయింది."

అమ్మ చెయ్యి నా పట్టులో మెత్తబడిపోయింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. మూర్ఛ అని, నీళ్ల వేడికి వస్తుందని, కుటుంబాల్లో ఉంటుందని, పెద్దక్కకూ ఇదే అయ్యుంటుందని. అరుస్తూ మొదలుపెట్టినదాన్ని, చివరికి నా మాట నాకే వినబడలేదు. అమ్మ ఏడవడం మానేసింది. చెంబు కిందపెట్టి, గోడకానుకుని తడినేల మీద కూలబడింది.

తల దించుకునే అడిగింది. "మరి మాట్లాడేదే?"

"మూర్ఛలో అలాగే ఏదో మాట్లాడతారట అమ్మా."

"ఆ మాటలు కాదే. అది రాకముందు. నేను చెంబు ఎత్తగానే నా రెండు చేతులూ పట్టేసుకునేది. 'అమ్మా, చన్నీళ్లు పొయ్యవే, వేడినీళ్లకి తలలో ఏదో అయిపోతోందే' అనేది. రోజూ అదే అడిగేది. అడిగేది పిల్ల కాదు, దయ్యం, వినొద్దన్నాడు ఆయన." అమ్మ తలెత్తి నన్ను చూసింది. "అడిగింది నా పిల్లేనా?"

కాదని చెబుదామనుకున్నాను. అమ్మ పక్కనే తడినేల మీద కూర్చున్నాను. "పెద్దక్కేనమ్మా" అన్నాను ఎలాగో.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. బకెట్లో వేడినీళ్లు తూములోకి వొంపేసి, రెండో కుళాయి తిప్పింది. చన్నీళ్లు నిండేదాకా చూస్తూ నిలబడి, చెంబు ముంచింది. ఇన్నేళ్లకు మొదటిసారి పెద్దక్కను పేరు పెట్టి పిలిచింది.

"చన్నీళ్లే తల్లీ" అంది, ఖాళీ పీట మీద మెల్లగా పోస్తూ. "చన్నీళ్లే పోస్తున్నాను."