పిల్ల కోసం ఇనుప పొయ్యి

గోదావరి పొంగి ముద్ఖేడ్ బాట మీద మూడు రోజులు బస్సులు బందైన యేడు అది. నర్సన్న ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు పోయాయి గాని గోడల్లో చెమ్మ పోలేదు. దాని మీద చలి.

ఆ చలిలోనే ఉమ్రిలో, తల్లిగారింట, కోడలు కోమల్‌కు నెల ముందే ఆడపిల్ల పుట్టింది. పిల్ల పిడికెడు. వెచ్చగా ఉంచాలి, పొగ మాత్రం సోకనియ్యొద్దని ఆస్పత్రి నర్సు గట్టిగా చెప్పింది. కోమల్ తల్లి ఇందుబాయి ఆ మాటే పట్టుకుంది.

"మీ ఇల్లు ఇంక తడి ఆరలే. చలి పోయినంక, శివరాత్రికి పిల్లను తోలుత" అంది.

నర్సన్న భార్య కాశీబాయి మనుమరాలిని ఒక్కసారే చూసింది, అదీ ఆస్పత్రి అద్దం అవతలి నుంచి. కొడుకు యోగేశ్ కరెంటు హీటర్ తెచ్చాడు. అది వెలిగిన పూటల కంటే కరెంటు పోయిన పూటలే ఎక్కువ. కుంపటి పెడదామంటే పొగ. నర్సన్న నోరు తెరిస్తే ఇంట్లో వాళ్లు చేతిలో పని ఆపి వింటారు, అంత అరుదు.

వయసులో ఉన్నప్పుడు రైలు పట్టాల పనికి పోయి, గేటు పక్క గదిలో అతను ఒక ఇనుప పొయ్యి చూశాడు. కట్టె లోపలే కాలేది. పొగ గొట్టంలోంచి గోడ బయటికి పోయేది. గది మాత్రం కోడి రెక్కల కింద ఉన్నట్టు ఉండేది. అది గుర్తొచ్చి నాందేడ్ బస్సెక్కాడు.

పాత ఇనుము అమ్మే కైలాశ్ దుకాణంలో, విరిగిన మంచాల వెనక, అలాంటిదే ఒకటి దొరికింది. తుప్పు పట్టింది. ఒక కాలు లేదు. నర్సన్న దాన్ని ఎండలోకి లాగించి, లోపల తల పెట్టి బెజ్జాలు వెతికాడు. రెండు కాగితాలు లోపల కాల్చి, ఊదుబత్తి వెలిగించి అతుకు అతుకు దగ్గరా పట్టాడు. పొయ్యి తలుపు కింద వేలెడు సందు ఉంది. అక్కడ ఊదుబత్తి పొగ సన్నటి దారంలా లోపలికి గుంజుకుపోయింది. నర్సన్న తల ఊపాడు.

"మామా, పొయ్యి కొంటున్నవా, పెండ్లికి పిల్లను సూస్తున్నవా?" అన్నాడు కైలాశ్.

"పిల్లను సూసినప్పుడు గింత సేపు సూడలే."

"అత్తకు తెలుసా గీ సంగతి?"

"ఆటోల ఎక్కియ్యి. పోత."

ఇంటికి తెచ్చి, లేని కాలి చోట రాయి పెట్టాడు. గోడకు బెజ్జం కొట్టి గొట్టం బయటికి పంపాడు. గది పై కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచమని యోగేశ్‌కు చెప్పాడు. పొయ్యి తలుపు కింది సందు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దుకు మాటలు అయిపోయినట్టున్నాయి.

గది చూసి మనసుకు వస్తే పిల్లను తోలుతానని ఇందుబాయి ఒప్పుకుంది. రెండు రోజులకు నర్సన్న స్టేషన్‌కు పోయి ఆమెను తీసుకొచ్చాడు. అప్పటికే కాశీబాయి కొత్త పొయ్యికి చెయ్యవలసినదంతా చేసి ఉంచింది. పేడ, మన్ను కలిపి అలికింది. పసుపు కుంకుమ పెట్టింది. అలకని పొయ్యి ముట్టించడం ఆ ఇంట లేదు.

నర్సన్న కట్టెలు పేర్చి అంటించాడు. మంట పైకి లేవలేదు. అతుకుల్లోంచి, తలుపు అంచుల్లోంచి పొగ బుసబుసా వచ్చి గదంతా నిండింది.

"గిది పొయ్యా అన్నా, రైలింజనా?" ఇందుబాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "గీ పొగల పిల్లను పండవెడ్తరా?"

"జర ఆగు వదినె" అంది కాశీబాయి.

"ఆగుత. శివరాత్రి దాంక ఆగుత."

మధ్యాహ్నం బండికి ఆమె వెళ్లిపోయింది.

"తుక్కని భంగార్ల ఏసినోళ్లు పిచ్చోళ్లా బాపు?" అని యోగేశ్ బయటికి నడిచాడు. కాశీబాయి గోడ వైపు తిరిగి కూర్చుంది.

నర్సన్న పొయ్యి చల్లారేదాకా ఆగాడు. తర్వాత మళ్లీ రెండు కాగితాలు కాల్చి, ఊదుబత్తి తలుపు కింద పట్టాడు. పొగ లోపలికి వంగలేదు. బొటనవేలితో తడిమాడు. నున్నటి మన్ను.

"గిది ఎవరు మూసిన్రు?"

"నేనే" అంది కాశీబాయి. "పగులు అనుకున్న. పిల్లకు పొగ తగుల్తదని మంచిగ మెత్తిన."

నర్సన్న ఆమెను చూసి చూసి నవ్వాడు.

"తప్పు నాది. అది పొయ్యి గాలి పీల్చే నోరు. నీకు సూపియ్యలే."

"నీ నోరే ఎన్నడన్న సూపించినవా, పొయ్యి నోరు సూపిస్తవు?" అంది ఆమె. అంటూనే కళ్లు తుడుచుకుంది.

మేకుతో మన్ను గీకేశాడు. దీపాలు పెట్టే వేళకు మళ్లీ ముట్టించాడు. ఈసారి మంట హోరుమని లేచింది. పొగ గొట్టం పట్టుకుని పెరట్లోకి పోయింది. గోడ చెమ్మ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తొట్టెలలో పరవడానికని కాశీబాయి ఉతికి దాచిన పాత నూలు చీర ముక్కను అడిగి తీసుకుని, పొయ్యికి మూరెడు దూరంలో తీగ మీద ఆరేశాడు.

మరునాడు పొద్దున నర్సన్న ఆ గుడ్డ తీసి, మడిచి చంకలో పెట్టుకుని, మొదటి బండికి ఉమ్రి పోయాడు. ఇందుబాయి వాకిట్లోకి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను చెంబు అందుకోకుండా గుడ్డ ఆమె చేతిలో పెట్టాడు.

"రాత్రంత పొయ్యి పక్కకే ఉన్నది. వాసన సూడు చెల్లె."

ఇందుబాయి ముక్కుకు ఆనించుకుంది. తిప్పి మళ్లీ ఆనించుకుంది. ఉతికిన నూలు వాసన, అంతే.

"ఏదీ నోటితోని చెప్పవు గద అన్నా" అని లోపలికి తిరిగింది. "కోమల్, పిల్ల బట్టలు సదురు."

నర్సన్న అప్పుడు ఆ చెంబు నీళ్లతో కాళ్లు, చేతులు కడుక్కున్నాడు. అంగీకి చేతులు శుభ్రంగా తుడుచుకున్నాడు. గడపలో కూర్చుని, పిల్ల కోసం రెండు చేతులూ ముందుకు చాపాడు.