అల్లుడుగారి రెయిన్‌కోటూ, నా ఒంటి మీద మచ్చా

నేను ఒక మోటారు సైకిలు సైలెన్సర్ని. చప్పుడు తగ్గించడానికే నన్ను తయారుచేశారంటారు గానీ, నా అరుపు విని కుక్కలు వీధి చివరిదాకా తరిమిన రోజులున్నాయి. ఏదో ఫ్యాక్టరీలో ఇనుప రేకును గొట్టంలా చుట్టి, అతికించి, క్రోమియం పూత పూశారు. బయటికొచ్చేసరికి అద్దంలా ఉన్నాను. నా పొగరంతా ఆ మెరుపు చూసుకునే.

మొదట నన్నొక పశువుల డాక్టరు గేదెల పాకల చుట్టూ తిప్పి పేడతో అలికాడు. ఆయనకు బదిలీ అయ్యాక రావులపాలెం గంగరాజు ఇంటికి చేరాను. గంగరాజు ఎత్తిపోతల పథకంలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే పాత బనీనుతో నన్ను తుడిచి, నాలో మొహం చూసుకుని గానీ కాఫీ ముట్టడు. భార్య మంగతాయారు మొహం అంత శ్రద్ధగా ఎప్పుడు చూశాడో ఆవిడే చెప్పాలి.

ఈ శ్రావణంలో కొత్తల్లుడు వంశీధర్ వచ్చాడు. పెళ్ళయి ఎనిమిది నెలలు. పెళ్ళాన్నీ, కూతుర్నీ, నన్నూ నోరారా తిట్టే గంగరాజు, అల్లుడు ఎదురుపడితే చాలు, "ఆయ్, కూర్చోండి" అని తను లేచిపోయేవాడు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న వంశీధర్‌కేమో, మామగారు తనతో మనసు విప్పి నాలుగు మాటలు మాట్లాడితే బాగుండునని ఆశ. ఆ మర్యాద చూసి కుర్చీలో ముడుచుకుపోయేవాడు.

వరద చూసొస్తానంటే గంగరాజు బండి తాళం ఇచ్చాడు. ఇచ్చేముందు నన్ను మరోసారి తుడిచాడు. గోదారి గట్టు మీద వాన పట్టుకుంది. అల్లుడుగారి రెయిన్‌కోటు అంచు నా మీద వాలి, నా వేడికి కరిగింది. ఛీ, ఏం కంపు! ఇంటికి చేరేసరికి వానకు నేను చల్లబడ్డాను గానీ, అరచెయ్యంత నీలం ప్లాస్టిక్ నా ఒంటికి అతుక్కుని గట్టిపడింది.

గంగరాజు మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు. ఆయన లేచేలోగా మచ్చ పోకపోతే ఆ ఉన్న ఒక్క మాటా కరువవుతుందని వంశీధర్ భయం. స్క్రూడ్రైవరు తెచ్చాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. గీత పడితే పూత లేస్తుంది, పూత లేస్తే తుప్పే. ఏమనుకున్నాడో, అది పక్కన పెట్టి గిన్నెలు తోమే ఇనప్పీచు అందుకున్నాడు!

"ఆగండి బాబూ," అంది మంగతాయారు వంటింట్లోంచి వచ్చి. "గీకితే గీతలు పడిపోతాయండి. కొంచెం వేడి చేసి, మెత్తబడ్డాక చెక్క గరిటెతో తోసెయ్యండి. చల్లారాక కొబ్బరినూనె రాసి గుడ్డతో రుద్దితే వదిలిపోద్ది."

బంగారంలాంటి సలహా. కానీ నేను వేడెక్కాలంటే బండి స్టార్ట్ చెయ్యాలి. స్టార్ట్ చేస్తే నేను ఊరుకుంటానా? గొంతు నొక్కుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

రెండు నిమిషాలకు ఇంజన్ ఆపి వంశీధర్ గరిటె పెట్టాడు. ప్లాస్టిక్ మీగడలా ముడుచుకుంటూ వచ్చింది. అంతలో గుమ్మంలో గంగరాజు.

"అల్లుడుగారి చేత బండి తుడిపిత్తన్నావా? సిగ్గులేదా నీకు?" అని భార్య మీద లేచాడు.

వంశీధర్ తట్టుకోలేకపోయాడు. "అత్తయ్యగారిని ఏమీ అనకండి మావయ్యగారూ. నా రెయిన్‌కోటు కాలి అంటుకుంది. మీరు చూడకుండా తీసేద్దామనుకున్నాను."

గంగరాజు వంగి నన్ను చూశాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"బుర్రుందా నీకు? కోటు మడతెట్టుకుని కూకోవాలని తెలీదా? ఆ గరిటేంటి, కూర కలుపుతున్నట్టు? ఏటవాలుగా తొయ్యి!" తిడుతూనే పక్కన చతికిలబడి గుడ్డకు నూనె పట్టించాడు. పది నిమిషాలు తిట్టాక ఎవరిని తిడుతున్నాడో తెలిసొచ్చింది. నాలిక్కరుచుకుని లేవబోయాడు.

"తప్పయిపోయిందండి. ఏమనుకోకండి."

వంశీధర్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "కూర్చోండి మావయ్యగారూ. ఇంకా సగం మచ్చ ఉంది. తిట్టండి."

గంగరాజు కూర్చున్నాడు. మచ్చ అరగంటలో పోయింది. తిట్లు మాత్రం దీపాలు పెట్టే వేళదాకా సాగాయి. పక్కనే నేను తళతళా మెరుస్తున్నాను, ఒక్కరూ చూడలేదు.