డీకన్ గారి నవ్వు

ముందుపన్ను ఊడిన ఆ సందులోంచే వస్తుందేమో ఈ నవ్వు, లేకపోతే మధ్యలో ఆ ఈల ఎక్కడిది, నలభై దాటాయి నాకు, మా నాన్న నవ్వితే ఎలా ఉంటుందో తెలియకుండానే పెరిగాను, ఇప్పుడు మాత్రం ప్రతి ఆదివారం సాయంత్రం వినాల్సి వస్తోంది, చర్చి నుంచి వచ్చి టై కూడా విప్పకుండా ఆ వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుంటారు, బూన్ క్రంప్లర్ అనే ఆ టీవీ వెధవ పొట్ట ముందూ తను వెనకా తెరమీదికి రాగానే హహ్హహ్హ అని మొదలు, ఈయన బాప్టిస్టు చర్చిలో డీకన్, పాస్టరు తర్వాత పాస్టరంత పెద్దమనిషి, మా చిన్నప్పుడు బీరు ప్రకటన వస్తే లేచి టీవీ కట్టేసిన మనిషి, ఈయనేమిటి, ప్రభువు దినాన, చేతి కిందే బైబిలు పెట్టుకుని, మేయరుగారి గులాబీ మొక్కలకి ఆ బూన్ క్రంప్లర్ ప్యాంటు విప్పి నీళ్ళు పోస్తుంటే కుర్చీ చెయ్యి మీద చరుస్తూ నవ్వడమేమిటి, పక్కన సోఫాలో మా బావ హోయ్ట్, అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడన్నట్టు నాన్న ఒక నవ్వు నవ్వితే బావ నాలుగు, చూడండి మావయ్యా చూడండి, వీడి దుంప తెగ, అంటూ తీపి టీ గ్లాసు ఒళ్ళో ఒలకబోసుకుంటూ, వాళ్ళిద్దరి మధ్యా నేను, చేతులు మోకాళ్ళ కింద పెట్టుకుని, నవ్వినట్టు పళ్ళు బయట పెట్టి కూర్చున్నాను, దవడ నొప్పెడుతోంది.

ఇంకా రాలేదు ఆ ఘట్టం, వారమంతా ప్రకటనల్లో అదే చూపించారు, బేస్‌బాల్‌లో ఒకప్పటి పెద్ద పిచ్చర్ బూన్ క్రంప్లర్, బంతి విసిరితే తుపాకిగుండే అనిపించుకున్నవాడు, ఇప్పుడు వదినగారి గ్యారేజీలో పడుకుంటూ బడిపిల్లలకి దండీలు తీయించి బతికేవాడు, ఈ ఆదివారం మళ్ళీ పెద్ద స్టేడియంలో అడుగు పెడతాడట, బంతి విసురుతాడట, అది పోయి పోయి జనం మధ్యలో సాసేజిలు అమ్ముకునేవాడి నెత్తిన పడుతుందట, దాణా మిల్లులో లారీ నింపుకుంటుంటే ఒకడు కాదు అందరూ అదే పాట, ఏం వెండెల్, ఆదివారం నీ సినిమా అటగా, టికెట్టు ఎంత, డబ్బులేమైనా ఇచ్చారా వాళ్ళు నీ కథకి, నేనూ నవ్వాను, ఏం చేస్తాను, మింగలేక కక్కలేక, పందుల ఫారాలకి దాణా తోలుకునే డ్రైవరుకి కోపం కూడానా, కానీ లారీ ఎక్కి అద్దాలు ఎత్తుకున్నాక అనుకున్నాను, ఊరు నవ్వనీ, మిల్లు నవ్వనీ, హోయ్ట్ బావ పొట్ట పగిలేలా నవ్వనీ, మా నాన్న గనక ఆ ఘట్టానికి నవ్వితే లేచి వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ గడప తొక్కను, టెన్నెసీలో లారీల కంపెనీ వాడికి రేపు మాట చెప్పాలి, వస్తానో రానో, ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా, బయట నా బండి సీటు మీద బట్టల సంచీ ఉంది.

కనీసం ఒక్కసారి, ఆ రోజు గురించి ఒక్క మాట అని ఉంటే, ఇరవై ఏళ్ళు కావస్తోంది, నేను ఆడిన పెద్ద ఆట అదొక్కటే, చిన్న జట్లతో చిన్న ఊళ్ళలో బస్సుల్లో తిరిగి తిరిగి చివరికి పైనుంచి, పెద్ద జట్టు నుంచి పిలుపొచ్చింది, రాత్రికి రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే ఆయన తన పాత ట్రక్కులో మూడు రాష్ట్రాలు దాటి వచ్చారు, నా బంతి పట్టే క్యాచర్ వెనక వరసలోనే సీటు, ఆదివారం సూటు, మోకాలి మీద టోపీ, నాకు ఆయన తప్ప ఇంకేం కనబడలేదు, అంత జనంలో, మొదటి బంతి క్యాచర్ నెత్తి మీదుగా పోయి వలకి తగిలింది, తగిలి ఆయన మొహం ముందే కిందపడింది, రెండోది ఎదురుగా బ్యాటు పట్టుకున్నవాడి వీపున, ఇక ఆ తర్వాత చెయ్యి నాది కాదు, అది ఎవరిదో, ఎవరో నా భుజానికి తగిలించి పోయారు, జనం మొదట అరిచారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత జాలిపడి ఊరుకున్నారు, అన్నిటికంటే ఆ ఊరుకోవడమే ఘోరం, మేనేజరు నడుచుకుంటూ వచ్చి నా చేతిలోంచి బంతి తీసుకున్నాడు, పసివాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు మెల్లగా, తిరుగుదారిలో నాన్న ట్రక్కులోనే వచ్చాను, వర్జీనియా అంతా దాటినా ఆయన నోట్లోంచి ఒకటే మాట, పెట్రోలు కొట్టించాలి, అంతే, పెట్రోలు కొట్టించాలి, అది నాతో అన్నారో ట్రక్కుతో అన్నారో కూడా తెలీదు.

అక్క డార్లా వంటింట్లోంచి అరుస్తోంది, పుడ్డింగ్ ఎవరెవరికి, అరటిపండ్లు కాస్త నల్లబడ్డాయి, ఏమనుకోకండి, హోయ్ట్ నాకు రెండు గిన్నెలు అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా, తెర మీద బూన్ క్రంప్లర్ బడిలో హెడ్‌మాస్టరు ముందు నిలబడి, అయ్యా, నా చెయ్యి దేవుడిచ్చాడు, మీ మొహం ఎవడిచ్చాడో కనుక్కోండి, అంటున్నాడు, ఈ మాట ఇప్పుడు ఊళ్ళో పాలు తాగే పిల్లల నుంచి పళ్ళు లేని ముసలాళ్ళ దాకా అందరి నోటా, మంగలి షాపులో, చేపల చెరువు దగ్గర, నిన్న ఒక అంత్యక్రియల విందులో కూడా, ఎందుకింత ఇష్టం జనానికి ఈ వెధవంటే, ఓడిపోయినవాణ్ణి చూసి నవ్వడం మామూలే, కానీ వీళ్ళు నవ్వేది అందుకు కాదనుకుంటా, వాడు ఓడిపోయినట్టు వాడికి తెలీదు, తెలిసినా ఒప్పుకోడు, పొద్దున లేచి అదే బానపొట్ట మీద అదే పాత జెర్సీ లాగి తొడుక్కుని రొమ్ము విరుచుకుంటాడు, నిజం చెప్పాలంటే నాకు వాడంటే కుళ్ళు, ఒకసారి లారీలో ఎవరూ వినకుండా ఆ మాట నేనూ అన్నాను, పొలాల మధ్య, గట్టిగా, నా చెయ్యి దేవుడిచ్చాడు అని, సగంలో ఆపి రేడియో పెట్టుకున్నాను, నాకు అలాంటి మాటలు తిరగవు, తిరగకుండా పెంచారు.

పదమూడేళ్ళప్పుడు అనుకుంటా, హానీకట్ వాళ్ళ అబ్బాయిని వరసగా మూడు బంతుల్లో ఇంటికి పంపించి పిడికిలి ఎత్తి ఒక్క గెంతు గెంతాను, ఒక్కటే గెంతు, పిల్లాడికి ఆ మాత్రం ఉండదా, నాన్న జనంలోంచి లేచి మైదానంలోకి నడిచి వచ్చారు, ఆట ఆగిపోయింది, నా రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, ఆ సాయంత్రమే హానీకట్ వాళ్ళ ఇంటి మెట్ల మీద నిలబెట్టి ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పించారు, వాడు జామ్ పూసిన రొట్టె తింటూ సరేలే అన్నాడు, ఇంటికొచ్చే దారిలో నాన్న, వట్టి గొడ్డుకు అరుపులెక్కువ అబ్బాయ్, దేవుడిచ్చినదానికి ఎగరడానికి నువ్వెవడివి, తల వంచుకుని ఆడు, అన్నారు, అలాగే నాన్నా, అన్నాను, అలాగే ఆడాను, ఆ తర్వాత ఎంతమందిని ఔట్ చేసినా బూట్ల వంకే చూసుకున్నాను, పెద్ద స్టేడియంలో కోచ్ నా చెవి దగ్గర నోరు పెట్టి, వాడి కళ్ళలోకి చూడు, ఈ చోటు నాదిరా అన్నట్టు చూడు, అన్నాడు, ఎలా చూడాలో నాకు తెలీదు, అది ఎవరూ నేర్పలేదు, నేర్చుకున్నదాన్ని కూడా మెట్ల మీద నిలబెట్టి కడిగేశారు, అలాంటిది ఈ నోటి తీటగాణ్ణి చూసి మా నాన్న మురిసి మురిసి నవ్వుతున్నారు, నా గెంతు ఒక్కటీ భరించలేని మనిషి, వాడి గెంతులకి కుర్చీ విరగ్గొడుతున్నారు, నవ్విన ప్రతిసారీ ఓరకంట నా వైపు ఒక చూపు, ప్రతిసారీ, చూశావా, నీలాంటివాడే అన్నట్టు, పుండు మీద కారం చల్లి మంట ఎంతుందో చూస్తున్నట్టు.

వచ్చింది, అదిగో స్టేడియం, అవే దీపాలు, అదే పచ్చగడ్డి, హోయ్ట్ సోఫా అంచుకి జరిగాడు, బూన్ క్రంప్లర్ మట్టి దిబ్బ మీదికెక్కి టోపీ తిప్పి పెట్టుకుని జనానికి ముద్దులు విసిరాడు, తర్వాత బంతి విసిరాడు, అది క్యాచర్ నెత్తి మీదుగా, వద్దు, నాన్నా, వద్దు, ఈ ఒక్కసారికి ఊరుకోండి, ఇంకేదైనా చెయ్యండి, దగ్గండి, లేచి వెళ్ళండి, రెండో బంతి వీపున తగిలింది, మూడోది గాల్లోకి లేచి లేచి సాసేజిలవాడి నెత్తిన పడి ఆవాల ముద్దంతా వాడి మొహాన, హోయ్ట్ బావ కూర్చున్నచోటే మెలికలు తిరిగిపోయాడు, వాడి పొట్ట ఎగిరెగిరి పడుతోంది, అప్పుడు, ఒక్క క్షణం ఆగి, మా నాన్న నవ్వారు, ఎన్నడూ లేనంత గట్టిగా, కళ్ళ నీళ్ళు వచ్చేలా, నవ్వి, నా వైపు చూశారు.

లేచాను, కాళ్ళు వాటంతటవే లేచాయి, సరే, అయిపోయింది, తాళాలు వంటింటి తలుపు పక్క మేకుకి ఉన్నాయి, టెన్నెసీవాడికి పొద్దున్నే ఫోన్ చెయ్యాలి, అక్క గిన్నెల్లో పుడ్డింగ్ వేస్తోంది, ఏరా అప్పుడే బయలుదేరావు, ఇంకా అవలేదుగా, అంది, నేను, నాన్నగారికి నవ్వుకోడానికి నేనక్కర్లేదులే, టీవీ ఉందిగా, అన్నాను, గొంతు నాకే వేరే ఎవరిదోలా వినిపించింది, అక్క చెంచా గాల్లో పెట్టి నా మొహం చూసి, టీవీనా, నీకేమైనా పిచ్చా, నీకు జ్వరమొచ్చి రాని వారం ఆయన అసలు పెట్టనిస్తేనా, హోయ్ట్ పెట్టబోతే రిమోట్ లాక్కుని, వెండెల్ లేకుండా ఈ పాడు బూతులు నాకెందుకు అని కట్టేశారు, అసలు ఆయన వింటేగా అది, చెవి మిషను తీసి జేబులో వేసుకుని మరీ కూర్చుంటారు, ఆ మాటలు చెవిన పడితే పాపమట, మరి నవ్వుతున్నారుగా, అన్నాను, ఏం నవ్వు నా మొహం, హోయ్ట్ పొట్ట కదిలితే చూసి తనూ నవ్వుతారు, నువ్వు గమనించలేదూ, మంగలి షాపులో ఎవరో చెప్పారట, ఆటలో దెబ్బతిన్న పిచ్చర్ కథ, చూస్తే నవ్వొచ్చి మనసు తేలికవుతుందని, ఆ రోజే నా దగ్గరికొచ్చి, అమ్మాయ్, వెండెల్ చూస్తాడంటావా, అని అడిగారు, నేను వద్దు నాన్నా అన్నాను, విన్నారా, అంది, నా చేతిలో గిన్నె పెట్టింది, చెంచా పెట్టడం మర్చిపోయింది.

గుమ్మంలోంచి చూశాను, హోయ్ట్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నాన్న నవ్వడం లేదు, ప్రార్థనకి కూర్చున్న మొహం పెట్టి నేను లేచిపోయిన చోటు వంక చూస్తున్నారు, సోఫాలో ఆ గుంట వంక, తెర మీద ఏం జరుగుతోందో ఆయనకి పట్టనే లేదు, నన్ను గుమ్మంలో చూడగానే గబగబా హోయ్ట్ పొట్ట వంక ఒక చూపు, అది కదులుతోంది, వెంటనే హహ్హహ్హ, వెంటనే నా వైపు ఓరచూపు, అదే చూపు, ఇన్ని ఆదివారాలుగా నన్ను కాల్చుకు తింటున్న చూపు, దాన్లో వెక్కిరింత ఎక్కడుంది, నేనెక్కడ చూశాను దాన్ని, భయం తప్ప ఇంకేమీ లేదు అందులో, వీడు నవ్వుతాడా, ఇవాళైనా నవ్వుతాడా అని, వెళ్ళి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను, ఇంకా నొప్పిగానే ఉంది నాన్నా, ఆ రోజుది, అన్నాను, మామూలు గొంతుతోనే, వినబడదని తెలిసీ, ఆయన నా పెదవులు కదలడం చూశారు, నవ్వు ఆపేశారు, రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు, అయ్యో మావయ్యా, మంచి పట్టులో, అన్నాడు హోయ్ట్, నువ్వు వెళ్ళి పుడ్డింగ్ తిను, అన్నారు ఆయన, కోటు జేబులోంచి చెవి మిషను తీసి, చెవిలో ఇరికించుకుని, అది కీచుమంటే సర్దుకుని, నా వైపు వంగి, ఏమన్నావు అబ్బాయ్, మళ్ళీ చెప్పు, అన్నారు, అంత దగ్గరగా ఆయన మొహం నేనెప్పుడు చూశాను, చెంపల మీద ఇందాకటి నవ్వు తడి ఇంకా ఆరలేదు, మా నాన్నకి నవ్వడం రాదు, ఏనాడూ రాదు, ఇంత వయసులో కూర్చుని నాకోసం నేర్చుకున్నారు.