బాతు పొట్టలో బిరడా

అమెరికాలో, లాంగ్ ఐలండ్ ఒడ్డున, విప్లవమప్పుడు రష్యా వదిలి వచ్చినవాళ్ల షెడ్డులో, అందరూ ఆ విమానాన్ని బాతు అనేవారు. అడుగున పడవ, పైన రెక్కలు, రెండు ఇంజన్లు, పైకి మడుచుకునే చక్రాలు. నేల మీద నడుస్తుంది, నీళ్ల మీద తేలుతుంది, గాలిలో ఎగురుతుంది. ఇన్ని పనులు చేసేదాన్ని నమ్మకూడదని అగ్రఫేనా సీలోవ్నా నమ్మకం. దాని రెక్కలకు బట్ట కుట్టేది ఆమే. తమ్ముడు లావ్రు మెకానిక్కు. ఆ మధ్యాహ్నం పైలట్‌తో కలిసి ఎగిరి, అఖాతం నీళ్లలో దిగబోయేది అతనే. ఈ భూమ్మీద ఆమెకు మిగిలింది ఆ తమ్ముడొక్కడే.

బాతునైనా భరించింది గానీ షూబిన్‌ని భరించలేకపోయింది. అతను పనిలో చేరి మూడు వారాలు. నావికుడినంటాడు. ఏ ఓడ, ఎవరి పక్షం అంటే నవ్వి ఊరుకుంటాడు. ఎప్పుడు చూసినా బాతు పొట్ట కిందే పాకుతుంటాడు.

"వాడు ఎర్రవాళ్ల మనిషిరా," అంది తమ్ముడికి టీ అందిస్తూ.

"నీకు పాలవాడూ ఎర్రవాడే, పోస్టువాడూ ఎర్రవాడే అక్కా."

"పాలవాడు వచ్చి విమానం కింద దూరడం లేదుగా!"

చెక్కకు చిత్రిక పడుతున్న ముసలాయన తలెత్తాడు. ఒకప్పుడు కల్నల్, ఇప్పుడు వడ్రంగి. "సీలోవ్నా మాట కొట్టిపారేయకు. నేనూ ఓ కన్నేసే ఉంచాను."

అందరూ బయట నల్ల రొట్టె, ఊరబెట్టిన దోసకాయలు తింటున్నప్పుడు ఆమె మేకుకు వేలాడుతున్న షూబిన్ కోటు దగ్గరికి వెళ్లింది. జేబులో నూనె గుడ్డలో చుట్టిన ఇత్తడి ముక్క ఉంది, మరలు తిరిగినది. దానితోపాటు పసిపిల్లల ఉన్ని చేతితొడుగు ఒకటి. జత లేదు. ఇత్తడిది నమూనాగా రష్యాకి పంపడానికే దొంగిలించి ఉంటాడు. తొడుగు గూఢచారులు ఒకరినొకరు గుర్తుపట్టే గుర్తు అయి ఉంటుంది. రెండూ ఆప్రాన్ జేబులో వేసుకుంది. అందరి ముందూ వాడి మొహాన పెట్టి అడుగుదామనుకుంది.

ప్రయాణానికి ముందు, రష్యన్ల ఆచారం ప్రకారం, వెళ్లేవాళ్లూ ఉండేవాళ్లూ కలిసి ఓ నిమిషం మౌనంగా కూర్చుంటారు. పెట్టెల మీద, బల్లల మీద అందరూ కూర్చున్నారు. పైలట్ బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. షూబిన్ ఒక్కడే లేడు. పారిపోయాడన్నమాట! కానీ మౌనం చెడగొట్టకూడదు. లేచాక వెళ్లేవాడు తిరిగి చూడకూడదు, వెనక నుంచి ఎవరూ పిలవకూడదు. లావ్రు లేచి వెళ్లి బాతు ఎక్కేశాడు.

ఎనిమిదేళ్ల కిందట రష్యా వదిలి వచ్చేటప్పుడు, నొవొరస్సీస్క్ రేవులో భర్త ఓడ మెట్ల మీద కాలు పెట్టాక, ఆమె వెనక నుంచి పిలిచింది. దేవుడి పటం బండిలోనే ఉండిపోయిందని. అతను వెనక్కి వెళ్లాడు. జనం ఆమెను పైకి నెట్టారు. అతను తిరిగి వచ్చేలోగా ఓడ కదిలింది. అప్పటినుంచి, పొరుగామె గొడుగు మరిచి వెళ్లిపోతున్నా ఆమె నోరెత్తదు.

ఇంజన్లు రెండూ హోరెత్తాయి. అప్పుడు షెడ్డులోంచి షూబిన్ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో కోటు, బయటికి లాగిన జేబు.

"ఆపండి!"

కల్నలూ ఇంకొకడూ అతన్ని పట్టి పడేశారు. "దొరికాడు!"

"పొట్టలో నీళ్లు పోయే కంతకు బిరడా లేదయ్యా! నీళ్లు తోడేశాక తోలు చుట్టు మార్చడానికి తీశాను. కొత్త తోలు నూనెలో నానాలని గుడ్డలో చుట్టి జేబులో పెట్టాను, పోయింది! ఇంతసేపూ అంతా వెతికాను! నీళ్లలో దిగితే మునుగుతారు!"

"ఇలాంటి కథలు యుద్ధమప్పుడు క్రిమియాలోనే విన్నాను," అన్నాడు కల్నల్, వీపు మీద మోకాలు నొక్కుతూ.

అగ్రఫేనా చెయ్యి జేబులోకి వెళ్లింది. ఇదీ వాడి ఎత్తేనేమో. ఎగరనివ్వకూడదని ఆడుతున్నాడేమో. అబద్ధమైతే తమ్ముడు తిడతాడు. నిజమైతే?

బాతు కదిలింది.

"లావ్రూ!"

ఆ హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. గడ్డిలో అడ్డంగా పరుగెత్తి, చక్రాలకు ఎదురుగా నిలబడి, ఆ ఇత్తడి బిరడాను తల మీదికి ఎత్తింది. బాతు పది అడుగుల దూరంలో ఆగింది. లావ్రు తల బయటికొచ్చింది.

"అక్కా! ప్రాణం పోయేది!"

"ఎవరిదిరా?" అంది ఆమె.

షూబిన్ కింద దూరి బిరడా బిగించి వచ్చాడు. కల్నల్ అతని భుజాల మీది మట్టి దులిపి, ఎటో చూస్తూ, "తోలు బాగా నానిందా?" అన్నాడు.

"మీ మోకాలి కింద నేనే బాగా నానాను."

ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఇందాక షూబిన్‌ని చూసిన చూపులే ఇప్పుడు ఆమె వైపు తిరిగాయి.

వెనక్కి వచ్చారు కాబట్టి మళ్లీ కూర్చోవాలి. ఈసారి షూబిన్ ఆమె పెట్టె మీదే, పక్కన కూర్చున్నాడు. ఆమె వైపు చూడకుండా అరచెయ్యి చాపాడు. ఆమె ఆ చిన్న తొడుగు అందులో పెట్టింది. పిడికిలి మూసుకుంది.

బాతు లేచింది. అఖాతం మీద తిరిగి, తెల్లటి చార గీస్తూ నీళ్లలో దిగింది.

"గట్టిగా బిగించావా?"

"బిగించాను సీలోవ్నా."

"ఎన్ని చుట్లు?"

"పట్టినన్ని."

ఆమె నీళ్ల వైపు తిరిగింది. బాతు పొట్ట మీద నీటి గీత ఒక్క వేలు పైకి జరిగినా సరే, మళ్లీ పిలవడానికి గొంతు సవరించుకుని నిలబడింది.